బ్లాక్ అండ్ వైట్ ఇంక్‌జెట్ ప్రింట్లకు ఇంట్లోనే గ్లాసీ కోటింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే ఫొటో ప్రింటర్ పెట్టుకుని నలుపు తెలుపు ప్రింట్లు తీసుకునేవాళ్ళు, వాటి మీద వేసే పారదర్శకమైన మెరుపు పూత (కోటింగ్) గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే బదులు వాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ జవాబుల్లో చాలాచోట్ల "కోటింగ్ అక్కర్లేదు" అనే ఉంటుంది. స్ప్రే డబ్బా కొనే ముందు ఆ సంగతి తెలియడం మంచిది.

## కోటింగ్ కావాలా, వద్దా?

ప్రింటును కొంచెం పక్కకు వంచితే నల్లటి చోట్ల రాగి రంగు మెరుపు కనిపిస్తోంది. ప్రింటర్ పాడైందా?

పాడవలేదు. దీన్ని బ్రాంజింగ్ అంటారు. పిగ్మెంట్ ఇంకులో రంగు కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా ఉంటుంది. గ్లాసీ, బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న ఫొటో కాగితం) పేపర్ల మీద ఆ రేణువులు లోపలికి ఇంకకుండా పైనే కూర్చుంటాయి. వాటిమీద పడి తిరిగొచ్చే మెరుపులో రాగి ఛాయ కలుస్తుంది. రంగుల ఫొటోలో ఇది అంతగా కంటికి ఆనదు. నలుపు తెలుపులో మాత్రం బొమ్మంతా ఒకే ఛాయ కాబట్టి ఇట్టే దొరికిపోతుంది.

దీనికి తోడు ఇంకో తేడా కూడా ఉంటుంది. ఇంకు పడని తెలుపులో కాగితం మెరుపు కనిపిస్తుంది, ఇంకు పడినచోట ఇంకు మెరుపు కనిపిస్తుంది. తాతగారి తెల్ల పంచె ఒక రకంగా, ఆయన వెనక ఉన్న చీకటి గుమ్మం ఇంకో రకంగా మెరుస్తాయి. కోటింగ్ ఈ రెంటి మీదా ఒకే పారదర్శకమైన పొర వేసి మెరుపును సమం చేస్తుంది. అది చేయగలిగింది అంతే. ఫొటోలో కాంట్రాస్ట్ లేకపోయినా, ఫోకస్ తప్పినా కోటింగ్ ఏమీ చేయలేదు.

ఎలాగూ అద్దం వేసి ఫ్రేమ్ కట్టిస్తాను. అయినా కోటింగ్ కొట్టాలా?

నా మటుకు నేను కొట్టను. అద్దం వెనక ఉన్న ప్రింటు మీద మనకు కనిపించే మెరుపంతా అద్దానిదే. బ్రాంజింగ్, మెరుపు తేడా చాలావరకు కనిపించకుండా పోతాయి. దుమ్ము, వేలిముద్రలు, గాలి, తేమ నుంచి కాపాడే పని కూడా అద్దమే చేస్తుంది. కోటింగ్ అవసరం వచ్చేది అద్దం లేకుండా గోడకు పెట్టే ప్రింట్లకు, చేతికిచ్చి చూపించే పోర్ట్‌ఫోలియో ప్రింట్లకు, కాన్వాస్‌కు.

నాది ఎప్సన్ ఎల్8050. దీని ప్రింట్లకు కోటింగ్ వల్ల లాభం ఉందా?

అందం కోసమైతే పెద్దగా లేదు. అందులో ఉన్నది ఆరు రంగుల డై ఇంకు. డై ద్రవంలో కరిగి ఉంటుంది కాబట్టి గ్లాసీ పేపర్ పైపొరలోకి ఇంకిపోతుంది. కాగితం మెరుపు ఎలా ఉందో ప్రింటు మెరుపూ అలాగే ఉంటుంది, బ్రాంజింగ్ దాదాపు కనిపించదు. బూడిద రంగు ఇంకులు లేవు కాబట్టి గ్రే టోన్లన్నీ రంగులు కలిపి వస్తాయి. అందుకే ఒక్కోసారి ప్రింటు పచ్చగానో గులాబీగానో కొడుతుంది. దాన్ని కోటింగ్ సరిచేయదు, ఆ కాగితానికి తగ్గ కలర్ ప్రొఫైల్ (దాని మీద రంగులు సరిగ్గా రావడానికి వాడే ఫైలు) కావాలి.

అయితే మన్నిక విషయంలో లాభం ఉంది. డై ఇంకుకు వెలుతురు ఒక శత్రువైతే గాలిలోని ఓజోన్ ఇంకో శత్రువు. అద్దం లేకుండా పెట్టే డై ప్రింటు మీద స్ప్రే పొర ఉంటే గాలి నేరుగా తగలదు. స్ప్రే మాత్రమే వాడండి. నీళ్ళతో చేసిన వార్నిష్‌ను బ్రష్‌తో పూస్తే డై కరిగి పారుతుంది.

నా ఇంకు డైనో పిగ్మెంటో తెలియడం లేదు. ఎలా కనుక్కోవాలి?

సాదా తెల్ల కాగితం మీద నల్లటి గీతలు, పక్కనే రంగు గీతలు ప్రింట్ చేయండి. బాగా ఆరాక ఒక్కో దాని మీద నీటి చుక్క వేసి వేలితో మెల్లగా రాయండి. పాకితే డై, కదలకపోతే పిగ్మెంట్. రెండు రకాల గీతలూ ఎందుకంటే, కొన్ని ట్యాంక్ ప్రింటర్లలో నలుపు ఒక్కటే పిగ్మెంట్, రంగులు డై. పైగా అలాంటి ప్రింటర్లు ఫొటో పేపర్ ఎంచుకున్నప్పుడు ఆ పిగ్మెంట్ నలుపును పక్కనపెట్టి రంగులతోనే నలుపు కలుపుతాయి. బయట నింపించిన ఇంకైతే సీసా మీద రాసినదాన్ని నమ్మకుండా ఈ పరీక్ష చేసుకోండి.

మ్యాట్ పేపర్ మీద నలుపు ముదురు బూడిదలా వస్తోంది. గ్లాసీ స్ప్రే కొడితే బరైటా లాంటి నలుపు వస్తుందా?

మెరుగవుతుంది, కానీ బరైటా అయిపోదు. మంచి మ్యాట్ పేపర్ మీద గరిష్ఠ నలుపు సాంద్రత 1.6–1.7 దగ్గర ఉంటుంది. గ్లాసీ, బరైటా పేపర్ల మీద అది 2.2 దాటుతుంది. అంకెల్లో చిన్న తేడాలా ఉంది గానీ, 1.7 అంటే పడిన వెలుతురులో 2 శాతం తిరిగి వస్తోందని, 2.3 అంటే అర శాతమే వస్తోందని. అంటే నాలుగు రెట్ల తేడా.

మ్యాట్ ఉపరితలం గరుగ్గా ఉండి వెలుతురును అన్ని దిక్కులా చెదరగొడుతుంది. ఆ చెదిరిన వెలుతురే నలుపును బూడిదగా చూపిస్తుంది. స్ప్రే ఆ గరుకును పూడ్చుతుంది కాబట్టి నీడలు లోతుగా కనిపిస్తాయి. కానీ మ్యాట్ పేపర్ స్ప్రేను తెగ పీల్చుకుంటుంది. మొదటి రెండు మూడు పొరలు ఎక్కడికి పోయాయో కూడా తెలియదు. ఆ తర్వాత వచ్చేది కూడా శాటిన్ మెరుపే తప్ప అద్దం మెరుపు కాదు. అద్దం మెరుపే కావాలంటే గ్లాసీ పేపర్ కొని ఫొటో బ్లాక్ (గ్లాసీ పేపర్ల కోసం ఉండే నలుపు) ఇంకుతో తీయడం చవక.

ఈ గొడవంతా ఎందుకు, వీధి చివర షాపులో లామినేషన్ చేయిస్తే సరిపోదా?

ఇంట్లో గోడకు తగిలించి, పిల్లలు ముట్టుకున్నా ఫర్వాలేదు అనుకునే ఫొటోకైతే కోల్డ్ లామినేషన్ (వేడి లేకుండా జిగురు ఫిల్మ్ అంటించడం) మంచి పరిష్కారమే. చవక, త్వరగా అయిపోతుంది, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కానీ ఒకసారి అంటించాక ఫిల్మ్ తిరిగి రాదు. లాగితే ఇంకు పొర కూడా ఊడి వస్తుంది. కొన్నేళ్ళకు అంచుల దగ్గర జిగురు లేవడం, బుడగలు రావడం చూస్తూనే ఉంటాం. ప్రింటు మీద ప్లాస్టిక్ అతికించినట్టు కనిపించడం నలుపు తెలుపులో మరీ ఇబ్బంది. హాట్ లామినేషన్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఆర్‌సీ (రెసిన్ కోటెడ్) పేపర్‌కు రెండు వైపులా ఉన్నది ప్లాస్టిక్ పొరే, వేడికి అది పొంగుతుంది.

పాత స్టూడియో ఫొటోలు అద్దంలా మెరిసేవి. అప్పట్లో ఏం పూసేవారు?

ఏమీ పూసేవారు కాదు. బ్రోమైడ్ ప్రింటును (డార్క్‌రూమ్‌లో తీసే పాత నలుపు తెలుపు ఫొటో) కడిగాక, తడి ఆరకముందే క్రోమ్ ప్లేటు మీద బోర్లా వేసి రోలర్‌తో నొక్కి వేడి చేసేవారు. జిలాటిన్ పొర ఆ ప్లేటు నునుపును అచ్చుగా తీసుకుని ఆరేది. పాత స్టూడియోల్లో గ్లేజింగ్ మెషిన్ అనేది దీన్నే. ఇంకా వెనక్కి వెళితే, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు ఆల్బుమెన్ ప్రింట్ల మీది మెరుపు కోడిగుడ్డు తెల్లసొనది. ఆ రెండు పద్ధతుల్లోనూ బొమ్మ ఆ పొర లోపలే ఉంటుంది. పిగ్మెంట్ ఇంక్‌జెట్‌లో బొమ్మ పొర పైన ఉంటుంది. మనకు వచ్చిన తంటా అంతా అదే. ఇంక్‌జెట్ ప్రింటును తడిపి గ్లేజింగ్ ప్లేటు మీద వేయాలని మాత్రం చూడకండి.

## ప్రింటర్‌తోనే తీరిపోతుందా?

కొన్ని ప్రింటర్లలో క్లియర్ ఇంకు ఉంటుందట, నిజమేనా?

నిజమే. కానన్ ప్రో-300, ప్రో-1000ల్లో క్రోమా ఆప్టిమైజర్ అనే రంగులేని కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఎప్సన్ ఆర్2000, ఎస్సీ-పీ400 లాంటి వాటిలో అదే పని చేసేదాన్ని గ్లాస్ (Gloss, అంటే మెరుపు) ఆప్టిమైజర్ అంటారు. ఇవి ఉన్నవాళ్ళకు వేరే స్ప్రే దాదాపు అక్కర్లేదు.

చూసుకోవాల్సింది సెట్టింగ్. ఆటోలో వదిలేస్తే ప్రింటరే ఎక్కడ అవసరమో లెక్కేసుకుని అక్కడే వేస్తుంది. నలుపు తెలుపు ప్రింటుకు తెల్ల భాగాలతో సహా షీటంతా పడాలి. కానన్ డ్రైవర్‌లో క్లియర్ కోటింగ్ దగ్గర ఓవరాల్, ఎప్సన్‌లో ఫుల్ ఎంచుకోండి. క్లియర్ ఇంకు ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ స్ప్రే డబ్బా ధరతో పోలిస్తే తక్కువే.

నా ప్రింటర్‌లో క్లియర్ ఇంకు లేదు. సెట్టింగులతో ఏమైనా చేయొచ్చా?

బ్రాంజింగ్‌ను కాదు గానీ మెరుపు తేడాను చాలా తగ్గించొచ్చు. కిటుకు ఏంటంటే, కాగితం మీద ఎక్కడా పూర్తి తెలుపు మిగలకుండా చూడటం. ఫొటోషాప్‌లో కర్వ్ పై కొనను (పూర్తి తెలుపు) 255 నుంచి 248–250కి దించండి. తెల్లటి చోట కూడా పలచగా ఇంకు చుక్కలు పడతాయి, కాబట్టి మెరుపు ఒక్కసారిగా మారిపోదు. ఎప్సన్ అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో హైలైట్ పాయింట్ షిఫ్ట్ అనే ఆప్షన్ ఉన్నది ఇందుకే. తెలుపు కాస్త తగ్గుతుంది. ఉజాలా వేసి ఉతికిన చొక్కా ఫొటో అయితే బాధగానే ఉంటుంది, మబ్బులు, పొగమంచు ఉన్న ఫొటోలో ఎవరూ గుర్తుపట్టరు.

కార్బన్ ఇంకుల్లో పైన క్లియర్ పొర వేసే పద్ధతి ఉందంటున్నారు. అదేమిటి?

రంగు ఇంకులన్నీ తీసేసి ప్రింటర్ నిండా కార్బన్‌తో చేసిన వేరువేరు సాంద్రతల బూడిద ఇంకులు నింపి, క్వాడ్‌టోన్‌రిప్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాళ్ళు ఉన్నారు. పీజోగ్రఫీ అందులో పేరున్నది. గ్లాసీ పేపర్ మీద ఆ ఇంకుల బ్రాంజింగ్ చాలా ఎక్కువగా ఉంటుంది. అందుకే బొమ్మ ప్రింటయ్యాక, ఆరనిచ్చి, అదే షీటును మళ్ళీ ప్రింటర్లో పెట్టి రెండోసారి క్లియర్ ఇంకు ఒక్కటే వేస్తారు. ఫలితం బాగుంటుంది. కానీ ఒక ప్రింటర్‌ను పూర్తిగా ఈ పనికే కేటాయించాలి, ఇంకులు బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. నెలకు నాలుగు ప్రింట్లు తీసేవాళ్ళు దిగాల్సిన పని కాదు.

## ఏం కొనాలి?

స్ప్రే మంచిదా, బ్రష్‌తో పూసే వార్నిష్ మంచిదా?

కాగితానికి స్ప్రే, కాన్వాస్‌కు రోలర్. నా లెక్క అదే. స్ప్రేలో ప్రింటును ఏదీ తాకదు, పొర పలచగా పడుతుంది, కాగితం ముడుచుకోదు. హానెమ్యూలె ప్రొటెక్టివ్ స్ప్రే, ప్రీమియర్‌ఆర్ట్ ప్రింట్ షీల్డ్ ఇంక్‌జెట్ ప్రింట్ల కోసమే తయారైనవి. కాకపోతే అవి మెరుపును సమం చేస్తాయి తప్ప శాటిన్ పేపర్‌ను గట్టి మెరుపు ఉన్న పేపర్‌గా మార్చవు. గట్టి మెరుపు కావాలంటే గ్లాస్ (Gloss) అని స్పష్టంగా రాసి ఉన్న ఆర్టిస్ట్ అక్రిలిక్ వార్నిష్ స్ప్రే చూడండి.

నీళ్ళతో చేసిన అక్రిలిక్ వార్నిష్ వాసన తక్కువ, చవక, పొర మందంగా వస్తుంది. కానీ అది పిగ్మెంట్ ప్రింట్లకే, అదీ కాన్వాస్‌కో బాగా మందమైన కాగితానికో. పలచటి కాగితం తడికి అలలు తేలుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే క్లియర్ స్ప్రే, చెక్కకు వేసే వార్నిష్ వాడొచ్చా?

చెక్క వార్నిష్ వద్దే వద్దు. ఆల్కిడ్ రెసిన్‌తో చేసినవి కాలంతోపాటు పసుపు తిరుగుతాయి. తలుపు మీద అది కనిపించదు, పైగా అందంగానూ ఉంటుంది. తెల్లటి హైలైట్ల మీద అదే పసుపు టీ మరకలా కనిపిస్తుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్లదీ అదే దారి. బండ్లకు కొట్టే అక్రిలిక్ క్లియర్ స్ప్రే అంత చెడ్డది కాదు, కానీ దాని సాల్వెంట్ (రెసిన్‌ను కరిగించి ఉంచే ద్రవం) ఘాటైనది, కొన్ని పేపర్ల పైపొరను మెత్తబరుస్తుంది. ఇంట్లో డబ్బా ఉంది కదా అని ప్రయోగం చేయాలనుకుంటే పనికిరాని ప్రింటు మీద కొట్టి వారం రోజులు ఎండ తగిలే కిటికీలో పెట్టి చూడండి.

హెయిర్ స్ప్రే కొడితే చాలని ఒకాయన చెప్పాడు. నిజమేనా?

కాదు. అది తలస్నానానికి వదిలిపోయేలా తయారుచేసిన జిగురు. మన వానాకాలపు తేమకు మళ్ళీ బంక బంకగా అవుతుంది, దుమ్మంతా దాని మీదే చేరుతుంది.

యూవీ ప్రొటెక్షన్ అని రాసి ఉన్నది కొంటే ఫొటో వెలిసిపోదా?

వెలిసిపోవడం ఆలస్యమవుతుంది, ఆగదు. ఫొటోను పాడుచేసేది యూవీ ఒక్కటే కాదు, మామూలు వెలుతురు కూడా. ఎండ నేరుగా పడే గోడకు ఏ స్ప్రే సరిపోదు.

ఇంకో సంగతి డబ్బా మీద రాయరు. ఎక్కువ తెల్లగా కనిపించే పేపర్లలో ఆప్టికల్ బ్రైటెనర్లు ఉంటాయి. అవి యూవీని పీల్చుకుని నీలి వెలుతురుగా తిరిగి ఇస్తాయి, ఆ తెలుపు అక్కడినుంచే వస్తుంది. యూవీని ఆపే పొర వేశామంటే బ్రైటెనర్లకు పని తగ్గుతుంది, కాగితం కాస్త మీగడ రంగుకు తిరుగుతుంది. పోర్ట్రెయిట్లకు నాకు అది నచ్చుతుంది కూడా. నచ్చనివాళ్ళు బ్రైటెనర్లు లేని కాటన్ పేపర్ వాడితే ముందూ తర్వాతా తేడా ఉండదు.

వ్యాక్స్ రుద్దితే మంచి లోతు వస్తుందంటారు. ప్రయత్నించొచ్చా?

కాటన్ పేపర్ మీద పిగ్మెంట్ ప్రింటైతే ప్రయత్నించొచ్చు. రెనసాన్స్ వ్యాక్స్ లాంటి మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ వాడతారు. అది బ్రిటిష్ మ్యూజియంలో వస్తువుల సంరక్షణ కోసం తయారైన ఫార్ములా. మెత్తటి గుడ్డకు రవ్వంత తీసుకుని, గుండ్రంగా, ఒత్తకుండా రాయాలి. వచ్చేది గ్లాసీ మెరుపు కాదు, నీడల్లో కాస్త లోతు, చేతికి నునుపు. గుడ్డకు నలుపు అంటుతోందంటే ఆపేయండి, ఆ ఇంకు రాపిడికి తట్టుకోవడం లేదని అర్థం. వ్యాక్స్ రాసిన ప్రింటు మీద తర్వాత స్ప్రే సరిగా పట్టదు కాబట్టి రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

## కొట్టే ముందు

ప్రింటు తీసిన వెంటనే కొట్టొచ్చా?

వద్దు. చేతికి ఆరినట్టు తగిలినా లోపల గ్లైకాల్ లాంటి నెమ్మదిగా ఆవిరయ్యే ద్రవాలు మిగిలే ఉంటాయి. కనీసం ఒక రోజు, ఆర్‌సీ పేపర్‌కు రెండు రోజులు ఆగండి. మొదటి అరగంట అలా వదిలేసి, తర్వాత ప్రింటు మీద సాదా జిరాక్స్ కాగితం కప్పి ఉంచితే ఆ తేమను అది పీల్చుకుంటుంది. కప్పిన కాగితం అలలు తేలితే తీసి కొత్తది వేయండి. తొందరపడి కోటింగ్ కొడితే ఆ ద్రవాలు లోపలే చిక్కుకుని పైపొర మసకబారుతుంది.

మాది విశాఖ. ఏడాదంతా తేమే. ఎప్పుడు కొట్టాలి?

సాల్వెంట్ స్ప్రేకు తేమే అసలు శత్రువు. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు ప్రింటు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద నీరు చేరి తెల్లటి మసక వస్తుంది. 60 శాతం లోపు తేమ ఉన్నప్పుడు కొట్టడం క్షేమం. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది, స్ప్రే కంటే ముందు అది కొనండి.

తీరప్రాంతం వాళ్ళకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దు బాగా ఎక్కాక మధ్యాహ్నం దాకా దొరికే సమయం మంచిది. హైదరాబాద్‌లో వానాకాలం వదిలేస్తే చాలారోజులు కుదురుతుంది. అక్కడ ఇబ్బంది ఏప్రిల్, మే మధ్యాహ్నాలు. ఆ వేడికి స్ప్రే ప్రింటును చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిలా రాలుతుంది. ఆ నెలల్లో ఉదయం ఎనిమిది లోపే పని ముగించండి.

ఏసీ గదిలో ఉన్న ప్రింటును తీసుకెళ్ళి నేరుగా డాబా మీద కొట్టకండి. చల్లటి ప్రింటు మీద బయటి తేమ వెంటనే పేరుకుంటుంది, ఒక గంట బయటి గాలికి అలవాటు పడనివ్వాలి. ఎయిర్ కూలర్ తిరుగుతున్న గది అయితే అసలు పనికిరాదు, అది చేసే పనే గాలిలోకి నీరు పంపడం.

ఇంట్లో ఎక్కడ కొట్టాలి? మాస్క్ పెట్టుకుంటే గదిలో కొట్టొచ్చా?

గదిలో వద్దు. డాబా మీద, గాలి విసురు లేని మూల, పెద్ద అట్టపెట్టె ఒక వైపు కోసి బూత్‌లా పెట్టుకుంటే సరిపోతుంది. బాల్కనీ అయితే కింద ఎవరి బట్టలు ఆరుతున్నాయో చూసుకోండి.

చాలా డబ్బాల్లో తోసే వాయువు ప్రొపేన్, బ్యూటేన్. మన వంట గ్యాస్ కూడా అదే. స్టవ్, దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, ఎవరి చేతిలోనైనా సిగరెట్టు ఉన్న దగ్గర కొట్టకూడదు. సర్జికల్ మాస్క్, ఎన్95 తుంపరను కొంత ఆపుతాయి, సాల్వెంట్ ఆవిరిని ఆపవు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఏటా ఒకటి రెండు ప్రింట్లకైతే ఆరుబయట కొట్టి వెంటనే దూరంగా జరిగితే గడిచిపోతుంది, తరచూ చేసేవాళ్ళు కొనాల్సిందే. పిల్లలను, గర్భిణులను, ఆస్తమా ఉన్నవాళ్ళను దగ్గరికి రానీయకండి.

సంతకం ముందు పెట్టాలా, తర్వాతా?

కాగితం అంచు మార్జిన్‌లో పెన్సిల్‌తో ముందే పెట్టండి. బొమ్మ మీదే పెట్టాలంటే పిగ్మెంట్ పెన్ను వాడి ఆరనివ్వాలి. మామూలు పర్మనెంట్ మార్కర్ సిరా స్ప్రే సాల్వెంట్‌కు కరిగి పాకుతుంది.

## కొట్టేటప్పుడు

స్ప్రే కొట్టే పద్ధతి వివరంగా చెప్పండి.

డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపండి. ప్రింటును అట్ట మీద పెట్టి, మార్జిన్ దగ్గర నాలుగు మూలలా సులువుగా ఊడే టేప్ వేయండి. బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. ప్రింటును అట్టతో సహా ఏటవాలుగా నిలబెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా చూసుకోండి. స్ప్రే ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో ఆ ఏటవాలు వెలుతురులోనే తెలుస్తుంది.

దూరం 25–30 సెంటీమీటర్లు. బటన్ నొక్కడం ప్రింటు బయటే మొదలుపెట్టి, చేతిని ఒకే వేగంతో అడ్డంగా నడిపి, అవతలి అంచు దాటాకే వదలండి. ప్రింటు మీదే బటన్ నొక్కినా వదిలినా అక్కడ చుక్కలు పడతాయి. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పాలి. మణికట్టు తిప్పితే మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా పడుతుంది, అందుకే చేయంతా కదలాలి. మొదటి పొర అడ్డంగా, పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది నిలువుగా, మూడోది మళ్ళీ అడ్డంగా.

మొదటి పొర చూసి చాలామంది నిరాశపడతారు. చుక్కలు చుక్కలుగా, ఏమీ పడనట్టే ఉంటుంది. అది అలాగే ఉండాలి. ఒకేసారి తడి తడిగా మెరిసేలా కొట్టాలని చూస్తేనే కారుతుంది.

పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి ఉట్టి గ్యాస్ వచ్చేదాకా కొట్టండి. లేకపోతే నాజిల్ మూసుకుపోయి వచ్చేసారి ఉమ్మినట్టు పడుతుంది.

మొత్తం ఎన్ని పొరలు?

గ్లాసీ, బరైటా పేపర్లకు మూడు పలచటి పొరలు. మ్యాట్‌కు ఐదారు దాకా. అంతకు మించితే లాభం తగ్గి, మెరుపు ప్లాస్టిక్‌లా మారుతుంది.

కాన్వాస్ ప్రింటుకు రోలర్‌తో పూయాలంటే?

ముందు పనికిరాని ముక్క మీద తడి దూదితో రుద్ది ఇంకు కదలడం లేదని ఖాయం చేసుకోండి. సన్నటి ఫోమ్ రోలర్‌ను కొంచెం తడిపి పిండి, వార్నిష్ పళ్ళెంలో పోసుకుని, రోలర్‌కు సమానంగా పట్టించాలి. వార్నిష్ డబ్బాను ఊపకండి, మెల్లగా కలపండి, ఊపితే బుడగలు వస్తాయి. ఒక మూల నుంచి మొదలుపెట్టి తడి అంచు ఆరకముందే ముందుకు సాగాలి. ఐదు నిమిషాల తర్వాత "అక్కడ కొంచెం తక్కువైంది" అని వెనక్కి వెళ్ళి రుద్దితే సగం ఆరిన పొర లేచి వస్తుంది. ఆ లోటు రెండో పొర చూసుకుంటుంది. ఫ్యాన్ ఆపేయండి, పొర ఆరేదాకా దుమ్మును తెచ్చి పడేసేది అదే.

## తేడా వచ్చినప్పుడు

కొట్టిన కాసేపటికి నలుపు మీద తెల్లటి మసక వచ్చింది. పోతుందా?

తేమ వల్ల వచ్చిన మసక చాలాసార్లు పోతుంది. ప్రింటును పొడి గదిలో ఒక రోజు వదిలేయండి. అప్పటికీ ఉంటే, తేమ తక్కువున్న రోజున మరో పలచటి పొర కొట్టండి. కొత్త సాల్వెంట్ పాత పొరను కొంచెం మెత్తబరిచి చిక్కుకున్న తేమను బయటికి పోనిస్తుంది. హెయిర్ డ్రయర్ వేడి దగ్గరగా పెట్టకండి, ఆర్‌సీ పేపర్ పొంగుతుంది.

చేత్తో తడిమితే గరగరగా ఉంది, మెరుపు కూడా రాలేదు. ఎందుకు?

స్ప్రే గాలిలోనే సగం ఆరి పడింది. మరీ దూరం నుంచి కొట్టారు, లేదా ఎండ ఎక్కువగా ఉంది, లేదా గాలి వీస్తోంది. కొంచెం దగ్గరగా, చల్లటి వేళ మరో పొర కొడితే చాలావరకు సర్దుకుంటుంది. గరుకు లేదు గానీ బత్తాయి తొక్కలా గుంటలు కనిపిస్తే కారణం అందుకు ఎదురు. అక్కడ మరీ దగ్గరగా, మందంగా పడింది. ఆ గుంటలు పోవు.

తడి పొర మీద దోమ అతుక్కుంది. తీసేయాలా?

అప్పుడు ముట్టుకోకండి. పూర్తిగా ఆరాక సన్నటి ట్వీజర్‌తో లాగి, ఒక పలచటి పొర కొట్టండి. సాయంత్రం లైటు వేసుకుని కొట్టేవాళ్ళకు ఇది తప్పదు.

మూడు పొరలయ్యాక కూడా రాగి మెరుపు కొద్దిగా ఉంది.

ఇంకో పొర వేసి చూడొచ్చు, అంతకంటే పోదు. కొన్ని పేపర్, ఇంకు జతలకు బ్రాంజింగ్ మొండిగా ఉంటుంది. అదే ఫైలును ఇంకో కంపెనీ బరైటా మీద తీసి చూడండి. నా అనుభవంలో స్ప్రే మార్చడం కంటే పేపర్ మార్చడం ఎక్కువ తేడా చూపిస్తుంది.

## ఆరిన తర్వాత

ఎన్ని రోజులకు ఫ్రేమ్ కట్టించొచ్చు?

చేతికి గంటలో ఆరినట్టుంటుంది, లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. వారం ఆగండి, వానాకాలంలో ఇంకొంచెం. కోటింగ్ కొట్టిన ప్రింటుకు అద్దం వేయిస్తుంటే మధ్యలో మౌంట్ బోర్డు తప్పనిసరి. మన ఎండాకాలం వేడికి అక్రిలిక్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత విడదీస్తే బొమ్మ అద్దంతోనే వస్తుంది. ఫ్రేమ్ షాపు వాళ్ళు మౌంట్ లేకుండా చేసేస్తామంటారు, మీరు పట్టుబట్టండి.

ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి దాచొచ్చా? చుట్టి పంపొచ్చా?

మధ్యలో గ్లాసైన్ (పలచటి, నునుపైన) కాగితం పెట్టి, బరువు పడకుండా దాచొచ్చు. వంటింటి బటర్ పేపర్ వద్దు, వేడికి దాని పూత ప్రింటుకు పడుతుంది. కోటింగ్ కొట్టిన కాగితాన్ని చుట్టడం మంచిది కాదు, పైపొర చిట్లుతుంది. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపండి. కాన్వాస్‌ను బొమ్మ బయటి వైపు ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టొచ్చు.

వేలిముద్రలు పడితే ఎలా తుడవాలి?

పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, ఒత్తకుండా. పోకపోతే నీళ్ళతో కొద్దిగా తడిపిన గుడ్డ. కోలిన్ లాంటి అద్దాల క్లీనర్లు, శానిటైజర్ వాడకండి, అందులోని ఆల్కహాల్ పొరను మసకబారుస్తుంది.

ప్రింటు అమ్ముతున్నాను. కోటింగ్ కొట్టినట్టు చెప్పాలా?

చెప్పాలి. కొన్నవాళ్ళు రేపు దాన్ని తుడిచినా, ఫ్రేమ్ మార్చినా, ఎవరికైనా బాగుచేయమని ఇచ్చినా పైన ఏ పొర ఉందో తెలియాలి. వెనక వైపు పేపర్ పేరు, ఇంకు రకం, స్ప్రే పేరు, నెల, సంవత్సరం రాయండి. కాటన్ పేపర్‌కు మెత్తటి పెన్సిల్ చాలు. ఆర్‌సీ పేపర్ వెనక పెన్సిల్ పట్టదు, బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే ముందు వైపు గీత తేలుతుంది. ఆ వివరాలను ముందే యాసిడ్ ఫ్రీ స్టిక్కర్ మీద రాసుకుని, మార్జిన్ వెనక భాగంలో అతికించండి.